పొగయు, ఆవిరియు, ప్రాణలింగియు

ఇష్టలింగము ఱొమ్ము నడుమ నుండును. శివదారమునకు వ్రేలాడు లింగకాయ రెండు ఊపిరితిత్తుల మధ్యనున్న ఎముకపై ఆనుకొని, లింగధారి ఊపిరి పీల్చినపుడు కొద్దిగా పైకి లేచి, విడిచినపుడు క్రిందికి దిగుచుండును. రాత్రి నిద్రలో సైతము ఈ కదలిక ఆగదు. బాల్యముననే లింగధారణ పొందినవాడు ఆ స్పర్శకు అలవాటుపడి దానిని మఱచిపోవును. షట్‌స్థల సిద్ధాంతము మాత్రము మఱవలేదు. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములలో మూడవదగు ప్రసాది స్థలమున, లింగమునకు అర్పింపని వస్తువును స్వీకరింపరాదను నియమము కలదు. నాల్గవదగు ప్రాణలింగి స్థలమున, కరమందలి లింగమును లోపల సంచరించు ప్రాణమును వేఱు కావని సాధకుడు తెలిసికొనును. అన్నము విషయమున ప్రసాది నియమమును పాటించు కుటుంబములు నేటికిని పెక్కు కలవు. వడ్డించిన దానిని లింగమునకు అర్పింపక ముద్ద ముట్టని వృద్ధులు కలరు. అయితే అన్నము దినమునకు రెండు మూడు పర్యాయములు లోపలికి పోవును. గాలి ఇంచుమించు ఇరువది వేల పర్యాయములు పోవును. ఆ గాలితో కలిపి లోపలికి పంపు దానిని గూర్చి విచారించువారు తక్కువ.

ఒక దృష్టాంతమును తీసికొనవచ్చును. జహీరాబాదు ప్రాంతమున, కర్ణాటక సరిహద్దునకు దగ్గరగా, కిరాణా దుకాణము నడుపుకొను ఒక గృహస్థు. వయస్సు 54. ఇరువదవ యేట మొదలుపెట్టిన సిగరెట్టు దినమునకు పది పండ్రెండింటికి వచ్చి నిలిచినది. ఉదయము లింగపూజ తప్పడు. పూజ ముగించి, నుదుటి విభూతి తడి ఆరకముందే పెరటి గోడ చాటునకు పోవును. ఇంటిలో అందఱికిని తెలియును, ఎవ్వరును మాటాడరు. ఒక యేటి సెలవులకు పట్టణమున ఇంజనీరింగు చదువుచున్న కుమారుడు ఇంటికి వచ్చెను. అతని సంచిలో కలము వంటి పరికరమొకటి తల్లి కంటబడెను. మామిడిపండు వాసన వేయుచున్నది. సెంటు సీసా యనుకొని ఆమె భర్తకు చూపెను. దుకాణము ముందు నిలుచు కాలేజీ పిల్లల చేతులలో అట్టిదానిని అతడు చూచియున్నాడు.

“ఇదేమిట్రా?” అని తండ్రి గద్దించెను.

“అప్పా, కోపపడవద్దు. ఇది సిగరెట్టు కాదు. ఇందులో నిప్పు లేదు, పొగ లేదు, ఆవిరి మాత్రమే. మీరు త్రాగేదానికంటె ఇది మేలని ఇంగ్లండు డాక్టర్లే చెప్పినారు. మీరే దీనికి మారరాదా?” అని కుమారుడు బదులు పలికెను.

తండ్రి చేయి ఎత్తెను. ఎత్తిన చేతి వ్రేళ్లు పొగకు పసుపు బారియుండుట తానే చూచి దించెను. రెండు దినములు ఇంటిలో మాటలు లేవు. సోమవారము సాయంకాలము తల్లి ఇద్దఱిని వెంటబెట్టుకొని మఠమునకు పోయెను.

మఠమందలి అయ్యగారు తగవు విని ఎవరిని ముందుగా మందలింతురోయని అందఱును ఎదురుచూచిరి. వారు ఎవరిని మందలింపలేదు. “కుర్రవాడు చెప్పినదానిలో ఎంత నిజమున్నదో ముందు చూతము. అబద్ధముతో భయపెట్టి మాన్పించిన అలవాటు, ఆ అబద్ధము బయటపడిన నాడే తిరిగి వచ్చును” అనిరి.

ఇది గొప్ప మాట. పొగను గూర్చిన ఉపదేశములు పెక్కు విఫలమగుటకు అతిశయోక్తియే కారణము. కావున విచారణ మొదటినుండి సాగదగును.

బసవేశ్వరుడు పొగ త్రాగవద్దని ఎక్కడ చెప్పెనని అడుగువారు కలరు. చెప్పుటకు ఆ కాలమున ఆ ఆకు ఈ దేశముననే లేదు. కల్యాణమున అనుభవ మంటపము వెలసినది 12వ శతాబ్దమున. పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు వర్తకులు దానిని పడమటి తీరమునకు తెచ్చిరి. అక్బరు చక్రవర్తి దూతగా బీజాపురమునకు పోయిన అసద్ బేగు అక్కడ పొగాకును చూచి, 1604 ప్రాంతమున దానిని, పొగ గొట్టమును తీసికొనిపోయి చక్రవర్తికి సమర్పించెను. ఆస్థాన వైద్యుడు వలదని వారించెను. 1617లో జహంగీరు దానిని నిషేధించెను, నిషేధము నిలువలేదు. విచిత్రమేమనగా, బసవేశ్వరుడు జన్మించిన బాగేవాడి ఆ బీజాపురపు సీమలోనిదే. నాలుగు శతాబ్దములు ముందుగా పుట్టినవాడు తరువాత వచ్చిన ఆకును పేరు పెట్టి నిషేధింపలేదనుట వాదము కాదు. ఏది స్వీకార్యము, ఏది కాదు అని నిర్ణయించుకొను కొలతను ఆయన ఇచ్చియే పోయెను.

ఇక పొగ మాట. పొగాకు మండినపుడు ఏడు వేలకు పైబడిన రసాయనములు పుట్టును. వానిలో కనీసము 69 క్యాన్సరు కలిగించునవి. మూడింటిని తెలిసికొనిన చాలును. మొదటిది తారు: ఇది ఊపిరి గొట్టముల లోపలి సన్నని నూగును స్తంభింపజేయును, కఫమును పైకి నెట్టు ఆ నూగు పని మానుటచేతనే పొగ త్రాగువాని ఉదయపు దగ్గు. రెండవది కార్బన్ మోనాక్సైడు: ప్రాణవాయువు కూర్చుండవలసిన చోట రక్తమున తాను కూర్చుండును, గుండె అంత ఎక్కువ శ్రమ పడును. మూడవది నికోటిన్: పీల్చిన పది ఇరువది క్షణములలో మెదడును చేరి, మరల కావలెనను కోరికను నాటును. చంపునది ముఖ్యముగా మొదటి రెండు, కట్టివేయునది మూడవది. ఈ భేదమును గుర్తుంచుకొనినచో తండ్రికొడుకుల తగవు సగము తీఱును.

1950లో ఇంగ్లండున డాల్, హిల్ అను ఇద్దఱు పరిశోధకులు సిగరెట్టునకు ఊపిరితిత్తుల క్యాన్సరునకు గల సంబంధమును ప్రకటించిరి. మరుసటి సంవత్సరము అక్కడి వైద్యులనే వేల సంఖ్యలో చేర్చుకొని అర్ధశతాబ్దము పాటు గమనించిరి. 2004లో వెలువడిన ఫలితము ఇది: ఎడతెగక త్రాగినవారు సగటున పది సంవత్సరముల ఆయువును కోల్పోయిరి. ముప్పదవ యేట మానినవారు ఆ పదియు ఇంచుమించుగా తిరిగి పొందిరి. నలువదవ యేట మానినవారు తొమ్మిది. ఏబదవ యేట ఆఱు. అఱువదవ యేట మానినవారు సైతము మూడు. “ఇక ఈ వయస్సున మానియేమి?” యను 54 సంవత్సరముల గృహస్థునకు ఇంతకంటె స్పష్టమైన జవాబు లేదు. మరియొక పొరపాటు కూడ దుకాణముల వద్ద వినబడుచుండును: దినమునకు ఒక్కటే కదా యని. 2018లో ప్రకటింపబడిన పరిశీలనల సమీక్ష ప్రకారము, ఇరువది త్రాగువానికి గుండెజబ్బు విషయమున కలుగు అదనపు అపాయములో ఇంచుమించు సగము ఒక్కటి త్రాగువానికే కలుగుచున్నది. తగ్గించుట మానుటకు మెట్టు కావచ్చును. అదియే గమ్యము కాదు.

బీడీ ఆకుతో చుట్టినది గావున మేలని గ్రామములందొక నమ్మకము. తునికాకులో గాలి చొఱదు. బీడీ ఆరిపోకుండ గట్టిగా పీల్చవలసి వచ్చును. తారు, కార్బన్ మోనాక్సైడు తక్కువ గావు, ఎక్కువే. శ్రీకాకుళము, విశాఖపట్టణపు తీర గ్రామములలో వృద్ధ స్త్రీలు చుట్టను వెలుగుచున్న కొన నోటిలో నుండునట్లు పెట్టుకొని అడ్డపొగ త్రాగు ఆచారము కలదు. అచ్చటి వారికి అంగిటి క్యాన్సరు విశేషముగా వచ్చుటను 1960ల నుండియు పరిశోధకులు గుర్తించిరి. నీటిపనులలో, గాలివానలో చుట్ట ఆరకుండుటకని ఆ తల్లులు చెప్పు కారణము వినినపుడు నవ్వు రాదు. జరదా, ఖైనీ, గుట్కా పొగ లేనివి గదాయని వానికి మరలినవాడు ఊపిరితిత్తులను తప్పించి నోటిని అప్పగించును. 2016-17 సంవత్సరపు జాతీయ సర్వేలో దేశమందలి పెద్దలలో నూటికి 28.6 మంది పొగాకును ఏదో ఒక రూపమున వాడుచుండిరి, త్రాగువారు 10.7, నమలుట మొదలగు పొగలేని రూపములు వాడువారు 21.4.

ఇంతవరకు తండ్రి దోషము. ఇక కుమారుని ఆవిరి.

ఈ పరికరమును 2003లో చైనాలో హోన్ లిక్ అను ఔషధ శాస్త్రజ్ఞుడు నిర్మించెను. అతడు స్వయముగా సిగరెట్లు త్రాగువాడు. అతని తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించెను. పుట్టుకలో దురుద్దేశము లేదని ఒప్పుకొనవలెను. బ్యాటరీ చేత సన్నని లోహపు తీగ వేడెక్కును; ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అను ద్రవములు, నికోటిన్, వాసన ద్రవ్యములు కలిసిన రసము తుంపరగా మారును; దానినే ఆవిరి యందురు. నిజమునకు అది వంటింటి ఆవిరి వంటి శుద్ధజలము కాదు. ఇందు ఆకు మండదు గావున తారు లేదు, కార్బన్ మోనాక్సైడు లేదనదగినంత తక్కువ. ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ 2015లో ఇది సిగరెట్టుకంటె నూటికి 95 పాళ్లు తక్కువ హానికరమని అంచనా వేసెను. ఆ అంకె కొలిచి తేల్చినది కాదు, నిపుణుల అంచనా. దానిపై వైద్యులలోనే తీవ్రమైన వాదము జరిగినది. అయినను పొగకంటె ఆవిరిలో విషములు చాల తక్కువయను మాటను కాదనుట సత్యమునకు ద్రోహము. కుమారుడు ఆ మాత్రము నిజమే చెప్పెను.

చెప్పనిది వేఱుగా ఉన్నది. తీగ అధికముగా వేడెక్కినపుడు ఫార్మాల్డిహైడు, అక్రోలిన్ పుట్టును. తీగనుండి నికెల్, సీసము వంటి లోహముల కణములు తుంపరలో చేరును. నోట తినుటకు తగిన వాసన ద్రవ్యము ఊపిరితిత్తులలోనికి పీల్చుటకు తగునని అర్థము లేదు. కడుపునకు పనికి వచ్చినది రొమ్మునకు పనికి రాదు. సిగరెట్టు చేయు హాని పూర్తిగా బయటపడుటకు యాబది సంవత్సరములు పట్టినది. ఈ పరికరమునకు ఇంకను పాతిక సంవత్సరములు నిండలేదు. 2019లో అమెరికాలో ఆవిరి పీల్చినవారికి ఊపిరితిత్తులు దెబ్బతిని, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలైరి, లేదా మరణించిరి. వారిలో మరణములు 68. న్యాయముగా చెప్పవలెనన్న, ఆ కేసులలో ఎక్కువ భాగము గంజాయి సారము కలిపిన రసములకు, అందు చేర్చిన విటమిన్ ఇ అసిటేటునకు సంబంధించినవి. కాని సంచిలోని కలములో ఏమి నింపియున్నదో ఆ కుమారునకు తెలియునా? భారతదేశమున 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు ద్వారాను, అటుపిమ్మట అదే సంవత్సరపు చట్టము ద్వారాను వీని తయారీ, దిగుమతి, అమ్మకము, ప్రకటన నిషేధింపబడినవి. మొదటి నేరమునకు ఒక సంవత్సరము వఱకు జైలు, లేదా లక్ష రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును. కావున ఇక్కడ దొరకునది దొంగచాటు సరుకు. దానిని పరీక్షించు అధికారి లేడు, సీసాపై వ్రాసినది నిజమని పూచీ పడువాడు లేడు. ఇంగ్లండు వైద్యుల మాటలు ఇంగ్లండున నియంత్రణకు లోబడిన సరుకును గూర్చినవి. అచ్చట సైతము పిల్లల చేతికి విరివిగా పోవుచుండుటచే ఒకమారు వాడి పారవేయు పరికరములను 2025 జూన్ 1 నుండి నిషేధించిరి.

అన్నిటికంటె ముఖ్యమైనది మూడవ వస్తువు, కట్టివేయు నికోటిన్. అది ఆవిరిలోను ఉన్నది. మెదడు ఎదుగుదల ఇంచుమించు 25వ యేటి వఱకు సాగును. అంతలో నికోటిన్ అలవాటైనవానికి అది గట్టిగా నాటుకొనును. పండ్ల వాసన దేనికొఱకు? ముప్పది యేండ్లుగా సిగరెట్టు త్రాగినవానికి మామిడి వాసనతో పని లేదు. 2019లో ఇంగ్లండున ప్రకటింపబడిన ఒక పరీక్షలో సిగరెట్టు మానదలచినవారిలో కొందఱికి ఈ పరికరమును, కొందఱికి నికోటిన్ బిళ్ల, పట్టీ మొదలగువానిని ఇచ్చిరి. ఏడాది గడచునప్పటికి సిగరెట్టు మానినవారు మొదటి వర్గమున నూటికి 18, రెండవదానిలో 9.9. ఇది ఆవిరి పక్షమున బలమైన సాక్ష్యమే. అయితే అట్లు మానినవారిలో మొదటి వర్గమున నూటికి 80 మంది ఏడాది తరువాతను ఆవిరిని పీల్చుచునే యుండిరి. రెండవ వర్గమున తమ మందును ఇంకను వాడుచున్నవారు 9 మంది. శైవము పాశమని చెప్పునది దీనినే. వైద్యుడు అపాయమును కొలిచి, తగ్గినందుకు సంతోషించును. అది అతని ధర్మము. లింగధారి అంతటితో ఆగరాదు, కట్టు విడినదా యని కూడ అడుగవలెను. పైగా ఆ కుమారుడు సిగరెట్టు మానుటకు దీనిని పట్టినవాడు కాడు. అతడు ఎన్నడును సిగరెట్టు త్రాగలేదు. తక్కువ హానియను మాట ఎక్కువ హానిలో నున్నవానికే చెల్లును. ఏ హానియు లేని చోటినుండి వచ్చినవానికి అది మెట్టు పైకి కాదు, క్రిందికి.

మఠమున అయ్యగారు ఇద్దఱిని ఒకే ప్రశ్న అడిగిరి: “దీనిని లింగమునకు అర్పించి స్వీకరింపగలరా?”

తండ్రి తలవంచెను. కుమారుడు చదువుకొన్నవాడు గావున వెంటనే, “స్వామీ, ధూపము అర్పించుట లేదా? అదియు పొగయే గదా!” అనెను. కూర్చున్నవారు నవ్విరి, అయ్యగారును నవ్విరి. “ధూపమును లింగము ముందుంచుదుము, ముక్కు దగ్గఱ పెట్టి పీల్చము. ఉబ్బసమున్న వారింట తలుపులు మూసి అగరువత్తులు వెలిగింపవద్దని కూడ చెప్పుచున్నాను. ఇప్పుడు నీ జవాబు చెప్పుము” అనిరి. జవాబు రాలేదు. అయ్యగారు ఒత్తిడి చేయలేదు. భృత్యాచారము అనగా ఇదియే. దోషమున్నవానిని దాసునివలె సేవింపవలెను గాని, న్యాయాధిపతివలె విచారింపరాదు. పొగ త్రాగువానిని మఠము గడపవద్ద అవమానించిన వారు వానిని పెరటి గోడ చాటునకు తరిమినవారే యగుదురు.

మానుట యెట్లు? ఇందు భక్తి యొక్కటియే చాలునని చెప్పుటకు వీలు లేదు. ఏ సహాయము లేక కేవలము సంకల్పబలముతో మానినవారిలో ఏడాది తిరుగునప్పటికి నిలుచువారు నూటికి 3 నుండి 5 మంది మాత్రమే. దానిని బలహీనతయని నిందించుట తప్పు. అది మెదడులో నికోటిన్ చేసిన మార్పు. సహాయము తీసికొనుటకు సిగ్గుపడుట అహంకారములో నొక భేదమే.

తండ్రి బసవ జయంతి నాడు మానెదనని చెప్పెను. అది మూడు నెలల దూరమున నున్నది. అయ్యగారు ఒప్పుకొనలేదు. దినమును నిర్ణయించుట మంచిదే గాని, అది రెండు వారములలోపల నుండవలెను. దూరముగా పెట్టిన ముహూర్తము మానుటకు గాక, అంతవఱకు త్రాగుటకు అనుమతి యగును. ఆ రెండు వారములు ఊరక గడపరాదు. ఎప్పుడెప్పుడు త్రాగుచున్నాడో చిన్న పుస్తకమున వ్రాసికొనవలెను: పూజ ముగియగనే, టీ తరువాత, దుకాణము తెఱవగనే, భోజనానంతరము, బాకీదారుతో మాటపడినపుడు. నిద్ర లేచిన అర్ధగంటలోపల మొదటిది వెలిగించువానికి కట్టు గట్టిగా నున్నదని వైద్యులు లెక్కింతురు. ఇంటిలోని పెట్టెలు, అగ్గిపెట్టెలు, బూడిద గిన్నెలు ముందునాటి రాత్రియే తీసివేయవలెను. ఇంటివారికి చెప్పవలెను, రహస్యముగా మానువాడు రహస్యముగనే తిరిగి మొదలుపెట్టును.

నికోటిన్ బిళ్ల మందుల దుకాణమున లభించును. దీనిని తాంబూలమువలె నమిలి మ్రింగువారికి ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి, పనికిరాదని పారవేయుదురు. నమలు పద్ధతి వేఱు: మెల్లగా కొన్నిసార్లు నమిలి, మిరియపు ఘాటు తగులగనే ఆపి, చెంపకు చిగురునకు మధ్య పెట్టి యుంచవలెను, ఘాటు తగ్గగనే మరల కొద్దిగా నమలవలెను, ఇట్లు అర్ధగంట. దానికి ముందు పావుగంట టీ, కాఫీ త్రాగరాదు. 2 మిల్లిగ్రాములా, 4 మిల్లిగ్రాములా యనునది వైద్యుడు చెప్పవలెను. చర్మముపై అంటించు పట్టీ దినమంతయు నికోటిన్‌ను కొద్దికొద్దిగా ఇచ్చును. పట్టీ, బిళ్ల కలిపి వాడిన ఫలితము అధికము. ఇంచుమించు మూడు నెలలలో క్రమముగా తగ్గించి ఆపవలెను. ఇదియు నికోటినే గదా, పాశమే గదా యని శంకింపవచ్చును. ఇందు పొగ లేదు. మెదడును మెల్లగా చేరును. అన్నిటికంటె ముఖ్యముగా ఇది ముగియు తేదీతో మొదలగును. బుప్రోపియాన్, వరెనిక్లిన్ అను మాత్రలు కలవు. ఇవి మాను దినమునకు వారము ముందుగానే మొదలుపెట్టవలసినవి. మూర్ఛ వ్యాధి యున్నవారు మొదటిది వాడరాదు. వైద్యుని చీటీ లేక ఏదియు వాడరాదు. సిగరెట్టు పెట్టెలపై ముద్రింపబడు 1800-11-2356 అను ఉచిత ఫోను సంఖ్యకు పిలిచినచో శిక్షణ పొందిన వారు మాటాడుదురు. దక్షిణ దేశమునకు బెంగుళూరు నిమ్హాన్స్ నుండి తెలుగులో సైతము సలహా లభించును. ఆవిరి అలవాటు పడినవారును ఇదే సంఖ్యకు పిలువవచ్చును. కుమారునకు ఇది తెలియదు. సిగరెట్టు వారికే ఆ సేవ యనుకొనుచుండెను.

మొదటి మూడు దినములు కష్టతరమైనవి. చిరాకు, నిద్రలేమి, ఆకలి, మలబద్ధకము, మనస్సు నిలువకుండుట కలుగును. రెండు నుండి నాలుగు వారములలో సన్నగిల్లును. దగ్గు మొదట హెచ్చవచ్చును. స్తంభించిన నూగు మరల పనిచేయుచున్నదనుటకు అది గుర్తు. ఏడాదిలో సగటున నాలుగైదు కిలోల బరువు పెరుగుట కలదు; దానికి భయపడి మరల అంటించుకొనుట ఇల్లు కాలుచుండగా చూరు ఎలుకలను లెక్కించుటయే. కోరిక వచ్చినపుడు అది కొద్ది నిమిషములే యుండి పోవును. ఆ నిమిషములను దాటించుటయే అంతయు. చల్లని నీరు త్రాగుట, లేచి నాలుగడుగులు నడచుట, దీర్ఘముగా శ్వాసించుట వైద్యులు చెప్పు ఉపాయములు. లింగధారికి మరియొకటి సులభముగా నున్నది: లింగకాయపై చేయి వేసి, అది లేచి దిగుటను ఇరువది సార్లు గమనించి పంచాక్షరి జపించుట. అది మంత్రప్రభావమే యని గాని, దీర్ఘశ్వాస ప్రభావమే యని గాని వాదింపనక్కఱ లేదు, నిమిషములు గడచును. మానిన ఇరువది నిమిషములకే గుండె వేగము తగ్గును. దాదాపు ఒక దినములో రక్తమునందలి కార్బన్ మోనాక్సైడు మామూలు స్థాయికి దిగును. ఏడాదికి గుండెజబ్బు అదనపు అపాయము సగమగును. పది సంవత్సరములకు ఊపిరితిత్తుల క్యాన్సరు మరణ భయము త్రాగుచున్నవానిలో సగమునకు తగ్గును.

ఒక విషయము మఠమున ఎవ్వరును ఎత్తలేదు, తల్లియే ఎత్తెను. “అయ్యా, ఇంటిలో మానినను దుకాణములో అమ్మకము ఉన్నది గదా!” అని. ఇది కాయకపు ప్రశ్న. కాయకము శుద్ధముగా నుండవలెను, దానినుండియే దాసోహము జరుగవలెను. తాను లింగమునకు అర్పింపలేనిదానిని పొరుగువాని బిడ్డకు అమ్మి, ఆ లాభముతో జంగమునకు అన్నము పెట్టుట యెట్లు? విద్యాసంస్థలకు నూరు గజముల లోపల అమ్మరాదనియు, పదునెనిమిది సంవత్సరములు నిండనివారికి అమ్మరాదనియు 2003 సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. చట్టము అంతవఱకే పోగలదు. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పొగాకు పండించి జీవించు కుటుంబములు వేలకొలది కలవు. వారి కాయకమును ఒక్క మాటతో అశుద్ధమనుట సులభము, వారికి మరియొక పంటను చూపుట కష్టము. అయ్యగారు ఈ ప్రశ్నకు ఆ సాయంకాలము తీర్పు చెప్పలేదు. చెప్పకపోవుటయే సరి. తనకు పది సిగరెట్లను విడుచుట చేతకానివానిచేత అదే దినమున జీవనమును కూడ విడువుమనుట కరుణ కాదు.

పండ్రెండవ దినమున తండ్రి మానెను. నలుబదియొకటవ దినమున బంధువుల పెండ్లిలో, భోజనానంతరము, ఎవరో ఇచ్చిన దానిని వెలిగించెను. మరునాడు మఠమునకు వచ్చి మూలగా కూర్చుండెను. అయ్యగారు ఎవరు ఇచ్చిరి, ఏ వేళ, దానికి ముందు ఏమి జరిగెనని అడిగి, ఆ చిన్న పుస్తకమున వ్రాయించిరి. జేబులో బిళ్లలు లేకుండ పెండ్లికి పోవుట కారణమని తేలెను. “రేపు మరల మొదటి దినము, స్వామీ” అని అతడనగా, “మొదటిది కాదు, నలుబదిమూడవది. నడుమ ఒక్కటి త్రాగితివి, అంతే” అనిరి. ఒకసారి జారినవాడు అంతయు పోయినదని తలచుటచేతనే తిరిగి పెట్టె కొనును. శాశ్వతముగా మానినవారిలో పెక్కురు అనేక పర్యాయములు ప్రయత్నించి మానినవారే.

కుమారుడు సెలవులు ముగిసి పోవునపుడు ఆ కలమును తల్లి చేతికి ఇచ్చిపోయెను. దానిని పొయ్యిలో వేయబోయిన ఆమెను, బ్యాటరీ ప్రేలునని వారించి తండ్రి తీసి, ఎలక్ట్రానిక్ చెత్త తీసికొను చోట అప్పగించెను. మిగిలిన రసమును చిన్నపిల్లలకు అందనీయలేదు, అది మ్రింగినచో ప్రాణాపాయము. హాస్టలునుండి అతడు రెండు పర్యాయములు ఆ సంఖ్యకు పిలిచెను. దుకాణమున సిగరెట్ల అర ఇంకను ఉన్నది. సరుకు తెచ్చు ఏజెంటు గురువారము వచ్చినపుడు తండ్రి సగమే తీసికొని, తక్కిన చోట పప్పుల పొట్లములు పేర్చుచున్నాడు.